పదకొండేళ్లు ఆగని మోటారు

లాండ్రీ ఆవిడ తోపుడు బండిని టీ కొట్టు ముందు ఆపేసరికి పదిన్నర కావస్తోంది. బండి మీద గోనెపట్టా, గోనెపట్టా మీద కొత్తగా ఆకుపచ్చ రంగు పూసిన మోటారు.

ఆవిడ సంగతి పొద్దున్నుంచీ వీధంతటికీ తెలుసు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే కాంట్రాక్టు ఆవిడది. ఉతికిన దుప్పట్లను గిర్రున తిప్పి నీళ్లు వదిలించే డ్రమ్ము ఒకటుంది. దాని మోటారు పొద్దున్నే కాలిపోయింది. మూడు వందల దుప్పట్లు తొట్లలో నానుతూ కూర్చున్నాయి. సాయంత్రం ఆరింటికి ఆసుపత్రి వ్యాను వస్తుంది. ఈ నెలలో ఇప్పటికే రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారి కూడా ఐతే వేరేవాళ్లకి ఇచ్చేస్తామని ఆసుపత్రి మేనేజరు మొహం మీదే చెప్పాడు. ఆవిడ కాక ఇంకో నలుగురు ఆడవాళ్లు ఆ డ్రమ్మును నమ్ముకుని బతుకుతున్నారు.

పాత ఇనుము కొట్టాయన ఈ మోటారు అంటగట్టాడు. ఓడ మీద క్రేన్‌కి ఉండేదట. దీన్ని బిగించాలంటే టీ కొట్టు పక్కనున్న మోటారు వైండింగ్ షాపు ఆయనే దిక్కు. ఆయన షాపులో కన్నా టీ కొట్టు బెంచీ మీదే ఎక్కువగా దొరుకుతాడు. కొట్టు నడిపేది ఆయన మరదలు. ఆమె బావా అని పిలుస్తుంది కాబట్టి వీధిలో సగంమందికి ఆయన బావే. చేతిలో తీగచుట్ట ఉన్నంతసేపూ ఆయనంత పనివాడు లేడు. చేతిలో టీ గ్లాసు ఉంటే మాత్రం కష్టం.

ఇప్పుడు గ్లాసే ఉంది.

"అన్నయ్యా, నావి రెండే ప్రశ్నలు," అంది లాండ్రీ ఆవిడ. "నేమ్‌ప్లేటు మీద అరవై సైకిళ్లని ఉంది. మన కరెంటు యాభై. ఇది మన దగ్గర పెట్టొచ్చా? రెండోది, ఎస్ త్రీ, నలభై శాతం అని కూడా రాసుంది. నాకు ఇరవై దుప్పట్లు పిండటానికి ఎనిమిది నిమిషాలు పడుతుంది, తీసి మళ్లీ వెయ్యడానికి రెండు. పది నిమిషాల్లో ఎనిమిది నిమిషాలు ఇది నడుస్తుందా?"

"నలభై శాతం అంటే ఏంటి?" అంది టీ కొట్టు మరదలు.

బెంచీ చివర పేపరు చదువుతున్న రిటైరైన లెక్కల మాస్టారు తల ఎత్తకుండానే చెప్పారు. "పది నిమిషాల్లో నాలుగు నిమిషాలు పని, ఆరు నిమిషాలు పడక. క్రేన్ పని అంతే కదా. ఎత్తడం, ఆగడం. ఎత్తడం, ఆగడం."

"అచ్చం మా బావలాగే."

"నలభై మరీ ఎక్కువేమోనమ్మా."

వైండింగ్ ఆయన ఈ మాటలేవీ వినలేదు, లేదా విననట్టు ఉన్నాడు. మోటారు వైపు ఒక్క చూపు చూసి, గ్లాసు మోకాలి మీద పెట్టుకున్నాడు.

"చెల్లెమ్మా, ఎనిమిది నిమిషాలా నువ్వడుగుతున్నది?"

"ఎనిమిదే. మీ జేబులో ఉన్న స్క్రూడ్రైవర్ ఇలా ఇవ్వండి."

"ఎందుకు?"

"కనెక్షన్ డబ్బా మూత తీస్తాను. లోపల చీటీ ఉందేమో చూడాలి."

మోటార్లు చుట్టేవాళ్లకి ఒక అలవాటు ఉంది. పాత తీగంతా తీసేసి కొత్తది చుట్టిన ప్రతిసారీ ఒక అట్టముక్క మీద ఏ తీగ వేశారు, ఎన్ని చుట్లు వేశారు, మోటారు ఎందుకు కాలింది అని రాసి, కరెంటు వైర్లు కలిపే డబ్బా మూతకి లోపలివైపు అంటిస్తారు. రేపు ఆ మూత తీసేది ఇంకో పనివాడు కాబట్టి అక్కడ ఎవరూ గొప్పలు రాయరు. పొద్దున కాలిన మోటారులో కూడా ఈయన చీటీయే ఉంది. 'బేరింగుకి గ్రీజు పెట్టమని మూడుసార్లు చెప్పాను. పెట్టలేదు' అని. ఆవిడకి ఒళ్లు మండింది గానీ, అది నిజమే.

"ఓడల నుంచి వచ్చే సరుకులో చీటీలెక్కడివి?" స్క్రూడ్రైవర్ ఇచ్చేస్తూ అన్నాడాయన. "ఐనా తీసుకో, తిప్పుకో. నువ్వు తిప్పుతూ ఉండు, నేను చెప్తూ ఉంటాను. అరవై సైకిళ్ల మోటారు గురించి ఈ ఊళ్లో ఎవరైనా మాట్లాడాలంటే ముందు నన్ను దాటుకుని వెళ్లాలి. ఏడెనిమిదేళ్ల కిందటి మాట. ఎండలు ఎట్లా ఉన్నాయంటే రోడ్డు మీద తారు చెప్పులకి అంటుకుని కూడా వచ్చేస్తోంది. ఐస్ ఫ్యాక్టరీ ఆయన పరుగెత్తుకుంటూ వచ్చాడు. కంప్రెసర్ మోటారు పోయిందట. లోపల రెండు వందల ఐసు దిమ్మలు ఇవాళో రేపో నీళ్లైపోయేలా ఉన్నాయి, బయట చేపల లారీలు గేటు నుంచి మలుపు దాకా బారు తీరాయి. ఆయన నా చెయ్యి పట్టుకుని, నువ్వు తప్ప దిక్కు లేదన్నాడు. నేను గొప్పకి చెప్పడం లేదు, ఆయనన్న మాట చెప్తున్నాను. నా షాపు మూలలో ఒక ఓడ క్రేన్ మోటారు పడుంది. బూడిదరంగుది, గున్న ఏనుగులా ఉండేది. అరవై సైకిళ్లది, పదికి నాలుగు నిమిషాలది. నీ దానికి కవలపిల్ల అనుకో. అప్పుడు నేనేం చేశానో తెలుసా?"

"చెప్పు బావా."

"ఏమీ చెయ్యలేదు. మూడు వైర్లు కలిపి స్విచ్ వేశాను."

"అంతేనా?"

"అంతే. దాన్నే ధైర్యం అంటారు. పదకొండు గంటలు తిరిగింది. మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు."

లాండ్రీ ఆవిడ మొదటి స్క్రూ తీసి కొంగులో వేసుకుంది. రెండోదాని గాడిలో పచ్చరంగు పేరుకుని ఉంది. గోటితో గీకడం మొదలుపెట్టింది.

మాస్టారు పేపరు కాస్త కిందికి దించారు. "వేడెక్కలేదా? కరెంటు సెకనుకి అరవైసార్లు ఊగుతుందనుకుని చేసిన మోటారది. దాన్ని తీసుకెళ్లి యాభైసార్లు ఊగేదాని మీద పెడితే కరెంటు ఎక్కువ లాగుతుంది. పైగా నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి దాని సొంత ఫ్యాను గాలి కూడా తగ్గిపోతుంది. రెండువైపులా వాయింపే."

"వేడెక్కలేదని నేనన్నానా మాస్టారూ? బ్రహ్మాండంగా ఎక్కింది. దాని మీద కెటిల్ పెట్టి టీ కాచాం. ఇదిగో, మా మరదలి కెటిలే. చిన్నపిల్ల అప్పుడు, గుర్తుండదు."

"ఏడెనిమిదేళ్ల కిందట నాకు ముప్పై దాటాయి బావా."

"చూశావా, ముప్పై దాటినా గుర్తులేదు. అసలు విషయానికి వద్దాం. వేడిని నేనెట్లా దారికి తెచ్చానో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, నువ్వు చెల్లెలివి కాబట్టి చెప్తున్నాను. మోటారు వేడెక్కింది. పక్కన ఉన్నదేంటి? ఐస్ ఫ్యాక్టరీ. మోటారు తిరుగుతుంటే ఐసు తయారవుతోంది. ఆ ఐసు దిమ్మ తీసుకొచ్చి మోటారు కింద పెట్టాను. చల్లబడ్డ మోటారు ఇంకా జోరుగా తిరిగి ఇంకో దిమ్మ చేసింది. అది తెచ్చి మోటారు నెత్తిన పెట్టాను. మోటారు చేసిన ఐసు మోటారుకే. ఇంట్లో వండింది ఇంట్లోనే తిన్నట్టు. మూడో రోజుకి ఏమైందో తెలుసా? మోటారుకి జలుబు చేసింది."

"మోటారుకా?"

"బేరింగులు తుమ్ముతున్నాయి. ఒకటే తుమ్ములు. గోరువెచ్చటి నూనె పోసి, వెనక మూతకి ఉన్నిగుడ్డ చుడితే గానీ తగ్గలేదు. అట్లా పదకొండు రోజులు నడిపాను."

"ఇందాక పదకొండు గంటలన్నావు," అన్నారు మాస్టారు.

"అవి మొదటి పదకొండు గంటలు. ఐసు పెట్టక ముందువి."

"మరి విశ్రాంతో?" లాండ్రీ ఆవిడ తల ఎత్తకుండా అడిగింది. "పదికి ఆరు నిమిషాలు దానికి విశ్రాంతి కావాలి కదా. అది ఎప్పుడిచ్చారు?"

"అబ్బ, ఏం ప్రశ్న వేశావు చెల్లెమ్మా. ఈ ప్రశ్న ఇంజినీర్లు కూడా అడగలేదు." ఆయన గ్లాసు బెంచీ మీద పెట్టేసి రెండు చేతులూ ఖాళీ చేసుకున్నాడు. మరదలు ఆ చేతులకి అందకుండా బిస్కెట్ల సీసా పక్కకి జరిపింది. "కరెంటు ఊగుతుందన్నాం కదా. ఉయ్యాల ఇటు చివరి నుంచి అటు చివరికి పోతుంటే మధ్యలో ఒకచోట సున్నా వస్తుందా రాదా? ఆ సున్నా దగ్గర కరెంటు లేదు. ఎంతసేపు? కన్నుమూసి తెరిచేంతలో నూరోవంతు. ఐనా విశ్రాంతి విశ్రాంతే కదా. నేనేం చేశానంటే, ఆ సున్నాలన్నీ పోగుచేశాను. కూలీకి వెళ్లేవాడు నడుస్తూ నడుస్తూ కునుకు తియ్యడూ? అట్లా ఊపుకీ ఊపుకీ మధ్య పడుకోవడం ఆ మోటారుకి నేర్పించాను. లెక్క వేస్తే పది నిమిషాలకి ఆరు నిమిషాలు సరిగ్గా వచ్చింది."

"మూడు ఫేజులున్నాయి కదయ్యా," అన్నారు మాస్టారు. "ఒకటి సున్నా దగ్గరుంటే మిగతా రెండూ ఉండవు. అవి పని చేస్తూనే ఉంటాయి."

"వంతులవారీగా పడుకుంటాయి మాస్టారూ. ఆసుపత్రిలో నర్సుల్లాగా. కావాలంటే చెల్లెమ్మని అడగండి, ఆసుపత్రి గురించి ఆవిడకి తెలుసు."

చెల్లెమ్మ రెండో స్క్రూ తీసింది. మూడోది కదల్లేదు. మరదల్ని అడిగి రెండు చుక్కల నూనె పోయించుకుని, అది లోపలికి దిగేదాకా గోడ మీద గడియారం చూస్తూ నిలబడింది. పదకొండుకి పది తక్కువ. బిగించడానికి గంట పడుతుంది. పన్నెండుకి మొదలుపెట్టగలిగితే ఎనిమిదికి రెండు లెక్కన రెండున్నర గంటల్లో తేలిపోతుంది, తర్వాత ఆరబెట్టుకోవడానికి బోలెడు సమయం. అంతవరకూ మోటారు బతికుంటే.

"గడియారం చూస్తున్నావు. మంచి పని చేశావు, గుర్తు చేశావు," అన్నాడు వైండింగ్ ఆయన. "అసలు కథ గడియారాల దగ్గరే ఉంది. పన్నెండో రోజున ఫ్యాక్టరీ ఆయన మొహం వేలాడేసుకుని వచ్చాడు. అరవై మోటారు యాభై మీద నెమ్మదిగా తిరుగుతోంది కదా, ఐసు మెత్తగా వస్తోందట, చేపలవాళ్లు గొణుగుతున్నారట. నాకు రోషం వచ్చింది. మోటారుకి అరవై కావాలా, అరవైయే ఇద్దాం అన్నాను. ఆ రోజుల్లో ఎండలకి కరెంటు పోయి వీధి మొత్తం ఫ్యాక్టరీ జనరేటర్ మీదే నడుస్తోంది. నేను వెళ్లి జనరేటర్ వేగం స్క్రూ ఒక్క మర తిప్పాను. యాభై కాస్తా అరవై ఐంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?"

"వీధిలో కరెంటు గడియారాలన్నీ పరుగు అందుకున్నాయి."

"అది మాత్రం నిజం," అన్నారు మాస్టారు. "ఊపులు లెక్కపెట్టుకుంటూ నడిచే గడియారాలు ఉండేవి. యాభైకి చేసిందాన్ని అరవై మీద పెడితే గంటకి పన్నెండు నిమిషాలు ముందుకి పోతుంది."

మాస్టారు ఒప్పుకోవడం ఆయన మీద పెట్రోలులా పనిచేసింది.

"విన్నారా? మాస్టారే అన్నారు. గంటకి పన్నెండు నిమిషాలు. రోజుకి ఇరవై గంటలే మిగిలాయి. ఫ్యాక్టరీ సైరన్ ముందే మోగింది, పనివాళ్లు ముందే ఇళ్లకి పోయారు, ఇళ్లలో అన్నం ఇంకా ఉడకలేదు, మొగుడూ పెళ్లాలు గొడవ పడ్డారు. బడిలో ఏడాది చదువు పది నెలల్లో అయిపోయింది. పెట్టలు ఎక్కువ గుడ్లు పెట్టాయి, వాటికి తెల్లారిందని లైట్లే చెప్పాయి. ఆఫీసు గుమాస్తా ఒకాయన ఐతే రెండేళ్లు ముందే రిటైర్ అయిపోయి, ఇంకా నాకు మీసాలు నెరవలేదు మహాప్రభో అని మొత్తుకున్నాడు. నాకేమో ఊపు వచ్చింది. అరవైకే ఇంత ఐతే వందకి ఎంత అని, స్క్రూ ఇంకో నాలుగు మరలు తిప్పాను. వంద సైకిళ్లు. మోటారు తిరుగుతోందో లేదో కంటికి తెలియదు, గాలి మాత్రం ఈల వేస్తోంది. అచ్చుల్లో నీళ్లు పోసేలోపే ఐసు వచ్చేస్తోంది. ఒకసారి నీళ్లు పోయకుండానే వచ్చింది. మేనేజరు గదిలో టేబుల్ ఫ్యాను గదిని ఎత్తింది."

"ఫ్యాను గదిలో ఉందా, గది ఫ్యానులో ఉందా?" అంది మరదలు.

"మొదట ఫ్యాను గదిలో ఉంది. అట్లా పదకొండు నెలలు."

"రోజులు కదా?"

"రోజులు యాభై మీద. వంద మీద నెలలు. సరిగ్గా వినాలి."

మూడో స్క్రూ నూనెకి లొంగింది. నాలుగోదాని తల అరిగిపోయి ఉంది. లాండ్రీ ఆవిడ స్క్రూడ్రైవర్ గాడిలో పెట్టి, తన బరువంతా దాని మీద వేసింది.

"అన్నయ్యా, నాకు నిజంగా టైం లేదు. ఎనిమిది నిమిషాలు నడుస్తుందా, నడవదా? ఒక్క మాట చెప్పండి."

"ఆ ఒక్క మాటే చెప్తున్నానమ్మా, ఇంతసేపూ ఆ ఒక్క మాటే చెప్తున్నాను. అసలైన ఘట్టం వచ్చింది. వేగం చాలా ఎక్కువైపోయిందని ఫ్యాక్టరీ ఆయన భయపడి జనరేటర్ ఆపేశాడు, వీధికి మామూలు కరెంటు తిరిగొచ్చింది. మోటారు ఆగాలి కదా? ఆగలేదు. దానికి అలవాటు పడిపోయింది. కరెంటు దాన్ని తిప్పడం మానేసింది, అదే కరెంటుని తిప్పడం మొదలుపెట్టింది. మీటరు వెనక్కి తిరుగుతోంది. మోటారుని దాని మామూలు వేగం కన్నా జోరుగా తిప్పితే అది కరెంటు పుట్టిస్తుంది, ఇది నేను చెప్పేది కాదు, మాస్టారుని అడగండి."

"అదీ నిజమే," అన్నారు మాస్టారు, కొంచెం బాధగా. "తిప్పేదొకటి ఉంటే."

"దాన్ని దాని పౌరుషమే తిప్పింది. ఆ కరెంటు తీగల్లో ఎదురెక్కి ఎక్కడికి పోయింది? ఆనకట్ట దగ్గర కరెంటు పుట్టించే చోటికి పోయింది. అక్కడ నీళ్లు చక్రాల్ని తిప్పుతుంటే కరెంటు పుట్టాలి. మా కరెంటు వెళ్లి ఆ చక్రాల్నే వెనక్కి తిప్పింది. చక్రాలు నీళ్లని ఆనకట్టలోకి తిరిగి ఎత్తిపోశాయి. నది వెనక్కి నడిచింది. చేపలు, పాపం, ఒకసారి దాటొచ్చిన ఊళ్లే మళ్లీ కనపడుతుంటే ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. పెద్ద ఇంజినీర్లు ముగ్గురు టోపీలు చేతిలో పట్టుకుని నా షాపుకి వచ్చారు. అయ్యా, మీ మోటారు కాస్త ఆపించండి, ఆనకట్ట పొర్లిపోతోంది, మీరు చేసేది మేము చేయలేం అన్నారు. మరదలా, ఆ రోజు వాళ్లకి టీ ఇచ్చింది నువ్వే."

"టోపీలవాళ్లా? ఇవ్వలేదు బావా."

"ఇచ్చావు. పదకొండేళ్లైంది, మర్చిపోయావు."

మాస్టారు పేపరు పూర్తిగా మడిచి పక్కన పెట్టారు. "ఏడెనిమిదేళ్ల కిందట మొదలైన కథ, పదకొండేళ్లు ఎట్లా నడిచింది?"

ఒక్క క్షణం ఆగాడు వైండింగ్ ఆయన. ఒక్క క్షణమే.

"గడియారాలు ముందుకి పోయాయని చెప్పాను కదా మాస్టారూ. ఆ మూడేళ్లూ అక్కడే వచ్చాయి."

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఎట్లా ఆపానంటారా? వెళ్లి మూడు వైర్లలో రెండిటిని అటూ ఇటూ మార్చాను. అట్లా మారిస్తే మోటారు ఎదురు తిరుగుతుంది, ఎవరికైనా తెలుసు. అది ఆగడమేంటి, కాలం కూడా కాస్త వెనక్కి పోయింది. ఐసు నీళ్లైంది, గుమాస్తా మళ్లీ ఉద్యోగంలో చేరాడు, గుడ్లు పెట్టల్లోకి పోయాయి. నేను స్విచ్ పక్కనే ఉన్నానేమో, నాకు పదేళ్ల వయసు తగ్గింది. అందుకే చూడు, నా జుట్టు ఇంకా నెరవలేదు."

"జుట్టుంటే కదా బావా నెరవడానికి."

"ఆ మోటారు ఇప్పుడెక్కడుందో తెలుసా? మ్యూజియంలో. అద్దాల పెట్టెలో పెట్టి చుట్టూ తాడు కట్టారు. చూడటానికి వచ్చినవాళ్లు చెప్పులు విప్పి లోపలికి వెళ్తారు. ఇప్పుడు నీ ప్రశ్నకి జవాబు చెల్లెమ్మా. అది పదకొండేళ్లు తిరిగింది. దాని కవలపిల్లని పెట్టుకుని నువ్వు ఎనిమిది నిమిషాలకి భయపడుతున్నావు. ఎనిమిది కాదు, ఆపనే ఆపకు. కట్టు, స్విచ్ వెయ్యి, రెండున్నర గంటల్లో మూడు వందలూ పిండి పారెయ్యి. పూచీ నాది."

నాలుగో స్క్రూ కిర్రుమని తిరిగింది.

లాండ్రీ ఆవిడ మూత తీసి తిరగేసింది. లోపలివైపు ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, నల్ల టేపుతో అంటించిన అట్టముక్క ఒకటి ఉంది. పెన్సిల్ రాత. గుండ్రంగా, విడివిడిగా, ఎవరికైనా అర్థమయ్యే రాత. పొద్దున ఆవిడ అదే రాత చూసింది.

ఆవిడ దాన్ని వెలుతురుకి పట్టుకుని, చాకలి పద్దు చదివినట్టు ఏ రాగమూ లేకుండా పైకి చదివింది.

"'ఐస్ ఫ్యాక్టరీ వాళ్ల కోసం. ఓడ క్రేన్ మోటారు, అరవై సైకిళ్లది. తొందరలో నేమ్‌ప్లేటు చూడకుండా మన యాభై మీద ఆపకుండా వేశాను. పదకొండు నిమిషాల్లో కాలిపోయింది. తప్పు నాది.'"

కెటిల్ మూత చిన్నగా చప్పుడు చేస్తోంది. మరదలు స్టవ్ తగ్గించింది.

"'యాభైకి సరిపోయేలా మళ్లీ చుట్టాను. నలభై చుట్లకి బదులు నలభై ఎనిమిది వేశాను. ఇక మన కరెంటు మీద నిర్భయంగా పెట్టవచ్చు. ఆరు హార్స్‌పవర్ అని రాసి ఉన్నా ఇప్పుడు ఐదే. పది నిమిషాల్లో నాలుగు నిమిషాలు మాత్రమే నడపాలి. ఆపకుండా నడుస్తుందని ఎవరు చెప్పినా నమ్మవద్దు. నేను చెప్పినా సరే.'"

వైండింగ్ ఆయన గ్లాసు తీసుకుని నోటి దగ్గర పెట్టుకున్నాడు. అందులో టీ ఎప్పుడో అయిపోయింది.

"బూడిదరంగు మీద పచ్చరంగు వేశాడన్నమాట, ఆ పాత ఇనుము కొట్టువాడు," అన్నాడు చివరికి.

"అద్దాల పెట్టె ఏది బావా?" మరదలు బండి వైపు తొంగి చూసింది. "గోనెపట్టా ఒక్కటే కనపడుతోంది."

"పాపం, పదకొండు మాత్రం నిజమే," అన్నారు మాస్టారు, పేపరు మళ్లీ విప్పుతూ. "దాన్ని ఎక్కడా తప్పలేదు. పక్కన ఉండే మాటే మారుతూ వచ్చింది."

లాండ్రీ ఆవిడ నవ్వలేదు. మూత వెనక్కి పెట్టి, అట్ట మీద రాసింది ఇంకోసారి మనసులో చదువుకుంటూ, వేళ్ల మీద లెక్క వేసుకుంటోంది.

"ఇరవై కాదు, పదేసి వేస్తాను. సగం డ్రమ్ముకి నాలుగు నిమిషాలు చాలు. ఆరు నిమిషాలు ఆపాలి, తీసి వెయ్యడం ఆ ఆరులోనే అయిపోతుంది. గంటకి అరవై. మూడు వందలకి ఐదు గంటలు. పన్నెండుకి స్విచ్ వేస్తే ఐదుకి అయిపోతుంది. ఆఖరి వాయి ఆరేసరికి ఆరవుతుంది." కొంగులో స్క్రూలు లెక్కపెట్టి చూసుకుంది. "ఎనిమిది నిమిషాలు నడిపి ఉంటే రెండో వాయిలోనే పోయేది. లేవండన్నయ్యా."

ఆయన లేచాడు. లేచి, మోటారు మీద చెయ్యి వేసి, చాలా రోజుల తర్వాత కనిపించిన పరిచయస్తుణ్ణి చూసినట్టు చూశాడు.

"నేనే చెప్పేవాణ్ణి చెల్లెమ్మా. కథ అయ్యాక, ఆఖర్న, ఆ నాలుగు నిమిషాల మాట నేనే చెప్పేవాణ్ణి."

"చెప్పారు కదా. మూత కింద చెప్పారు. బండి పట్టండి."

పన్నెండుకి ఐదు నిమిషాలు ముందే మోటారు బిగించేశాడు. బెల్టు బిగువు తనే చూశాడు, బేరింగులకి గ్రీజు తనే పెట్టాడు, ఆ పనంతా అయ్యేదాకా నోరు విప్పలేదు. తర్వాత స్విచ్ పక్కన స్టూలు వేసుకుని, చేతిగడియారం విప్పి మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. నాలుగు నిమిషాలు నడపడం, ఆరు నిమిషాలు ఆపడం. నడుస్తున్నప్పుడు డ్రమ్ము హోరులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. ఆపిన ఆరు నిమిషాల్లో, దుప్పట్లు తీసి వేస్తున్న నలుగురు ఆడవాళ్లకి ఆయన నది వెనక్కి నడిచిన సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. చేపల దాకా వచ్చేసరికి టైం అయిపోయేది. స్విచ్ వేసేవాడు. వాళ్లు నాలుగు నిమిషాలు ఊపిరి పీల్చుకునేవాళ్లు. అట్లా ముప్పై వాయిలు.

చివరి వాయి ఐదుకి దిగింది. మోటారు మీద అరచెయ్యి వేసి చాలాసేపు అలాగే ఉంచి చూసుకున్నాడు. మూత ఇంకోసారి తీసి, చీటీ కింద పెన్సిల్‌తో ఒక్క లైను రాసి, మళ్లీ నాలుగు స్క్రూలూ బిగించాడు.

ఆరింటికి వ్యాను వచ్చింది. మడతలు పెట్టిన దుప్పట్లు లోపలికి సర్దుతూ, వ్యాను నడిపే ఆయన మోటారు వైపు చూశాడు. "మోటారు కాలిపోయిందన్నారు. మూడు వందలూ ఎట్లా అయ్యాయి?"

వైండింగ్ ఆయన స్టూలు మీద సర్దుకుని కూర్చున్నాడు.

"మూడు వందలా? మూడు వేలు. గంటన్నర. మధ్యలో ఒక్కసారి ఆపి ఉంటే అడుగు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

వ్యాను ఆయన లాండ్రీ ఆవిడ మొహం చూశాడు. ఆవిడ కొంగుకి చెయ్యి తుడుచుకుని, స్క్రూడ్రైవర్ తీసి వ్యాను ఆయన చేతిలో పెట్టి, మోటారు డబ్బా మూత చూపించింది.